ఆడియో గేమ్: చెవి చెబితే చెయ్యి నడిపే ఆట

తెరమీది బొమ్మతో పని లేకుండా, శబ్దాన్నే ఆధారం చేసుకుని ఆడే కంప్యూటర్ ఆటలను ఆడియో గేమ్‌లు అంటారు. అంధుల క్రికెట్ చూసినవారికి ఇందులోని కిటుకు కొత్త కాదు. ప్లాస్టిక్ బంతిలో చిన్న ఉక్కు గుండ్లు గలగలమంటుంటే ఆ చప్పుడును బట్టే బ్యాటర్ బ్యాట్ ఊపుతాడు. బంతి వదిలేటప్పుడు బౌలర్ ‘ప్లే’ అని అరవాలన్నది నిబంధన. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అజయ్ కుమార్ రెడ్డి నాయకత్వంలో భారత జట్టు 2018లో ప్రపంచ కప్పు గెలిచింది అలాంటి బంతితోనే. కంప్యూటర్లో గలగలమనే బంతి ఉండదు. చప్పుడునూ, అది వచ్చే దిక్కునూ ప్రోగ్రామే పుట్టించాలి. ఇది సగం పని. రెండో సగం సాధారణంగా ఎవరికీ తట్టదు: విన్నాక చెయ్యి ఏం చేయాలి? ఈ ఆటల చరిత్ర ఎక్కువగా ఆ ప్రశ్నకు వెతికిన జవాబుల చరిత్రే.

మొదట్లో జవాబు సులువుగానే దొరికింది. 1976లో విల్ క్రౌథర్ రాసిన ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’, తర్వాత వచ్చిన ‘జోర్క్’ వంటి ఆటల్లో బొమ్మలే లేవు. ఉత్తరానికి వెళ్లు, దీపం తీసుకో అని టైపు చేస్తే ఫలితం అక్షరాల్లో కనిపించేది. ఆ అక్షరాలను చదివి వినిపించే యంత్రం తోడైతే చూపులేని ఆటగాడికీ చూపున్నవాడికీ తేడా లేదు. 1996లో కెనడాకు చెందిన మైఖేల్ ఫెయిర్ ‘ఆడిస్సీ’ అనే పత్రిక మొదలుపెట్టి ఇలాంటి ఆటలపైనే రాయించాడు. లోటు ఒకటే. ఆటగాడు ఆలోచించుకునేదాకా ఆట ఓపిగ్గా ఆగుతుంది. వెనక నుంచి రాక్షసుడు తరుముకొచ్చే దడ అందులో ఉండదు.

జపాన్‌లో కెంజి ఎనో 1997లో సెగా సాటర్న్ కోసం ‘రియల్ సౌండ్: కజె నో రిగ్రెట్’ తెచ్చాడు. తన ఆటలను చూపులేనివారూ ఆడుతున్నారని తెలిసి, తెరను ఖాళీగా వదిలేసి చేసిన ఆట ఇది. వెయ్యి యంత్రాలను అంధులకు ఉచితంగా ఇవ్వడానికి సెగాను ఒప్పించాడు కూడా. అయితే నిజం చెప్పాలంటే ఇది ఆట కంటే రేడియో నాటకానికి దగ్గర. కథ మలుపు తిరిగేచోట గంట మోగుతుంది, ఆటగాడు దారి ఎంచుకుంటాడు. అంతకుమించి చేతికి పని లేదు.

చేతికి నిండా పని పెట్టింది 2001 నాటి ‘షేడ్స్ ఆఫ్ డూమ్’. జీఎంఏ గేమ్స్ వారి ఈ ఆటలో బాణం మీటలతో చీకటి భవనంలో తిరుగుతూ శత్రువులను కాల్చాలి. ఇక్కడే అసలు చిక్కులు బయటపడ్డాయి. చప్పుడు ఏ చెవిలో పెద్దగా ఉంటే అటువైపు తిరగాలి, రెండు చెవుల్లోనూ సమానంగా వినిపిస్తే పేల్చాలి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఎదురుగా ఉన్నదీ వెనక ఉన్నదీ హెడ్‌ఫోన్స్‌లో దాదాపు ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఈ కోవ ఆటలు రాసేవారు ఎన్నో ఉపాయాలు పన్నారు: వెనక నుంచి వచ్చే శబ్దాన్ని కాస్త మందంగా చేయడం, తిరిగే కోణాన్ని దిక్సూచి గీతలకు కట్టేయడం వంటివి. మాటలు నెమ్మది, చప్పుళ్లు వేగం. అందుకే ప్రాణం ఎంత మిగిలింది, తూటాలెన్ని ఉన్నాయి వంటివి మీట నొక్కి అడిగినప్పుడే మాటల్లో చెప్పి, ప్రమాదాన్ని మాత్రం ఎడతెగని చప్పుడుగా వదలడం అలవాటైంది.

అదే దశాబ్దంలో ‘టాప్ స్పీడ్’ అనే కారు పందెం వచ్చింది. పక్క సీట్లో కూర్చున్నట్టు ఒక గొంతు ముందున్న మలుపును చెబుతుంటే స్టీరింగ్ తిప్పాలి. 2011 నాటి ‘స్వాంప్’ ఇంకో అడుగు వేసింది. చూపులేనివారు కంప్యూటర్ దగ్గర ఎప్పుడూ పక్కకు నెట్టేసే వస్తువు మౌస్. ఈ జాంబీల ఆటలో తిరగడానికీ గురిపెట్టడానికీ దాన్నే వాడారు. తెరపై బాణం గుర్తు ఎక్కడుందో తెలియాల్సిన అవసరం లేదు, మౌస్ జరిపినంత మేర ఆటలోని శరీరం తిరుగుతుంది.

బయటివారికి కనిపించని పోరు ఇంకొకటుంది, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో. 2006లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ తన ఆదేశాల కోసం కొన్ని మీటలను దగ్గర పెట్టుకుంటుంది. ఆటకూ అవే మీటలు కావాలంటే తగువే. అందుకే ఒక్క ప్రోగ్రామ్ వరకు దాన్ని నిద్రపుచ్చే ఏర్పాటు అందులోనే ఉంది. మరికొన్ని ఆటలు సొంత గొంతు మానేసి, చెప్పాల్సిన అక్షరాలను స్క్రీన్ రీడర్‌కే అందిస్తాయి.

మీటలే లేని గాజు పలక వచ్చినప్పుడు పరిస్థితి మళ్లీ మొదటికి వచ్చింది. 2009లో ఐఫోన్‌కు వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ చేరింది. 2010 చివర్లో లండన్ సంస్థ సమ్‌థిన్ ఎల్స్ ‘పాపా సాంగ్రే’ విడుదల చేసింది. తెర కింది భాగమంతా రెండు పాదాలు. రెండు బొటనవేళ్లతో కుడి, ఎడమ మార్చి మార్చి తడుతుంటే నడక. కంగారుపడి తొందరగా తడితే తడబడి పడతారు. పై భాగంపై వేలు జరిపితే మలుపు. ఇంత చక్కగా చేతిని కాలుగా మార్చిన ఆట మరొకటి అరుదు. 2012 నాటి ‘బ్లైండ్‌సైడ్’ వేళ్లతో కూడా సరిపెట్టుకోలేదు: ఫోను పట్టుకుని గదిలో మనిషే గుండ్రంగా తిరగాలి. 2015లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ‘ఎ బ్లైండ్ లెజెండ్’లో వేలి విదిలింపే కత్తి వేటు, దారి చూపేది కథానాయకుడి కూతురు లూయీస్ గొంతు.

పెద్ద కంపెనీలు ఆలస్యంగా మేల్కొన్నాయి. 2020లో నాటీ డాగ్ ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’లో 60కి పైగా సౌలభ్యాలు పెట్టింది. సలహాదారుల్లో చూపులేని ఆటగాడు బ్రాండన్ కోల్ ఒకడు. కంట్రోలర్‌లోని ఎడమ స్టిక్‌ను లోపలికి నొక్కితే పాత్ర వెళ్లాల్సిన దారివైపు తిరుగుతుంది. ఎవరి సాయమూ లేకుండా అంధులు ఈ ఆటను చివరిదాకా ఆడగలిగారు. కానీ దారి ఆటే చూపిస్తే ఆడుతున్నది ఎవరు? ఈ అనుమానాన్ని అంతకుముందే, 2018లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ‘ర్యాడ్’ అనే కారు పందేల శబ్ద వ్యవస్థ సూటిగా పట్టించుకుంది. ఎటు తిప్పాలో ఆజ్ఞాపించడం కాకుండా కారు వేగాన్నీ, అది పోతున్న దిశనూ, రాబోయే మలుపు తీరునూ శబ్దాలుగా అందించి నిర్ణయాన్ని డ్రైవరుకే వదిలింది. సాయానికీ పెత్తనానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఇంత స్పష్టంగా చూపిన ప్రయత్నాలు తక్కువ. 2023లో ‘ఫోర్జా మోటర్‌స్పోర్ట్’ రోడ్డు అంచులను, మలుపులను చప్పుళ్లతో తెలిపింది. అదే ఏడాది ‘స్ట్రీట్ ఫైటర్ 6’ ప్రత్యర్థి ఎంత దూరంలో ఉన్నాడో వినిపించింది.

ఎన్‌వీడీఏతో పాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. పైన చెప్పిన ఆటల్లో ఒక్కటీ తెలుగులో మాట్లాడదు.