గల్ఫులో పట్టా విలువ ఎంత?

పోయిన నెల హనుమకొండ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఉద్యోగం మానేసి రెండేళ్ళు మాస్టర్స్ చేస్తే దుబాయిలో జీతం పెరుగుతుందా? లోను తీసుకోవాలి. అమ్మ నిన్నడగమంది" అన్నాడు. నాకూ ఎం.టెక్. ఉంది, అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకే కాస్త వెనక్కి వెళ్ళి చూశాను.

1971లో ఎమిరేట్స్ ఒక దేశమైంది. 1973లో చమురు ధర పెరిగాక కూలిపనులకు గల్ఫు దారి పట్టిన మనవాళ్ళలో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్ళు చాలామంది. 1983లో భారత ప్రభుత్వం వలసల చట్టం తెచ్చింది. చదువు తక్కువున్నవాళ్ళకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి, చదువుకున్నవాళ్ళకు అక్కర్లేదు. అంటే సర్టిఫికెట్ మొదట తెచ్చిపెట్టింది జీతం కాదు, ఆ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ నుంచి విడుదల. ఇప్పుడు దానికి పదో తరగతి పాసైతే చాలు. చట్టం గడప దాటావా అని అడుగుతుందే గాని, ఎన్ని మెట్లెక్కావని అడగదు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది, 2000లో ఇక్కడ దుబాయ్ ఇంటర్నెట్ సిటీ. మనలో చాలామందిమి ఈ రెండింటి మధ్య వంతెన మీద నడిచి వచ్చినవాళ్ళమే. అదే 2000లో బిట్స్ పిలానీ దుబాయిలో క్యాంపస్ తెరిచింది, 2003లో నాలెడ్జ్ విలేజ్ వచ్చింది. ఉద్యోగం వదలకుండానే చదివే దారులు ఇక్కడే దొరికాయి.

2014లో నేను వచ్చినప్పుడు కంపెనీ వీసా కోసం బి.టెక్. మాత్రమే అడిగింది. హైదరాబాదు, ఢిల్లీ, ఎంబసీ, ఆ పైన ఇక్కడి విదేశాంగ శాఖ, ఇన్ని ముద్రలూ దానికే. ఎం.టెక్. పట్టా పెట్టెలోనే ఉండిపోయింది. నా పక్క సీటు కుర్రాడు ఉత్త బి.టెక్., జీతం నాకంటే ఎక్కువ. హెచ్.ఆర్.లో అడిగాను. "మీరు క్లాసులో ఉన్న రెండేళ్ళూ అతను ప్రాజెక్టులో ఉన్నాడు కదండీ" అన్నారు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

2022 నిబంధనలు చూసినా అదే వరస. నైపుణ్యం గల ఉద్యోగికి గోల్డెన్ వీసా కావాలంటే బ్యాచిలర్ డిగ్రీ, నెలకు 30,000 దిర్హాముల జీతం. గ్రీన్ వీసాకైతే అదే డిగ్రీ, 15,000. మాస్టర్స్ ఊసే లేదు.

అలాగని నా చదువు వృథా అనను. నాలుగేళ్ళ తరువాత ఒక టెండరులో కన్సల్టెంట్ల బయోడేటాలకు మార్కులు వేశారు, నా ఎం.టెక్.కి పడ్డాయి. అప్పుడుగాని దాన్ని అటెస్టేషన్‌కి పంపలేదు! కెనడా వైపు చూసేవాళ్ళకు కూడా పనికొస్తుంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఒంటరి అభ్యర్థికి బ్యాచిలర్ డిగ్రీకి 120 పాయింట్లయితే మాస్టర్స్‌కి 135.

మేనల్లుడికి ఇదంతా చెప్పి, దుబాయి జీతం కోసమే అయితే అప్పు చెయ్యవద్దు, పని చేస్తూ సాయంత్రాలు చదువుకో అన్నాను. వాడు సరేనన్నాడు. అక్కకు మాత్రం నచ్చలేదు. పెళ్ళిసంబంధాల్లో మాస్టర్స్ అంటే వేరే గౌరవమట. ఆ లెక్క నాకు రాదు.