ఆలయ చరిత్రకు ఛాయాచిత్రాల సాక్ష్యం

జీర్ణోద్ధరణకు ముందు కళాకర్షణ జరుగుతుంది. మూలమూర్తిలోని దివ్యకళలను కుంభంలోనికి ఆవాహన చేసి, పనులు ముగిసేవరకు బాలాలయంలో ఆరాధించి, మహాకుంభాభిషేక వేళ తిరిగి స్వామికి చేర్చటం ఆగమ సంప్రదాయం. ఏ కుంభం ఏ దేవతదో, దానిని ఏ దిక్కున నిలుపవలెనో ముందే నిర్ణయమై ఉంటుంది. ఇంతటి నియమం పాటించే మనమే, అదే సందర్భంలో తీసిన వేలాది ఛాయాచిత్రాలను పేరు, తేదీ, స్థానం అనే ఆనవాళ్ళేవీ లేకుండా కంప్యూటరులో వదలివేస్తున్నాము. దీనివలన కలిగే నష్టమేమిటో, ఆనవాళ్ళు వ్రాసి ఉంచటం వలన కలిగే మేలేమిటో చరిత్ర స్పష్టంగా చెబుతున్నది.

మన అమరావతినే చూడండి. 1816లో కాలిన్ మెకంజీ తన బృందంతో వచ్చి మహాస్తూపపు శిల్పఫలకాలకు రేఖాచిత్రాలు వ్రాయించాడు. ఆ ఫలకాలలో అనేకం తరువాత కనుమరుగైనవి. వాటి రూపాన్ని నేడు ఆ రేఖాచిత్రాలలోనే చూడగలము. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకాలు మద్రాసుకు చేరాయి. 1858లో లినేయస్ ట్రైప్ వాటికి అక్కడ ఛాయాచిత్రాలు తీశాడు. మరుసటి ఏడాది వాటిలో ఎక్కువ భాగం లండనుకు తరలిపోయాయి. శిల్పాలు మిగిలినవి, చిత్రాలూ మిగిలినవి. కాని ఏ ఫలకం స్తూపంలో ఏ దిక్కున, ఏ వరుసలో నిలిచి ఉండేదో చాలావాటి విషయంలో ఈనాటికీ పండితుల ఊహకే మిగిలింది. త్రవ్విన నాడు ఆ ఒక్క మాట వ్రాసి పెట్టకపోవటమే దీనికి ముఖ్య కారణం.

అదే 1858లో ట్రైప్ తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానంపై గల శాసనాలను వరుస తప్పకుండా ముక్కలు ముక్కలుగా చిత్రించి, వాటిని ఒకే పొడవాటి పటంగా కూర్చాడు. ఒక్కొక్క ముక్కకు దాని స్థానం ఉన్నందువలననే అది శాసనపటమైనది. స్థానం తప్పితే అవి విడి రాళ్ళ బొమ్మలే.

శాసన పరిశోధకులు ఈ సత్యాన్ని తొందరగా గ్రహించారు. 1886లో హుల్ట్జ్ పండితుడు మద్రాసు ప్రభుత్వ శాసన పరిశోధకుడుగా నియమితుడైన తరువాత, సేకరించిన ప్రతి శాసనానికీ సంవత్సరంతో కూడిన సంఖ్య, గ్రామం పేరు, ఆలయంలో అది ఉన్న చోటు నమోదు చేసే పద్ధతి స్థిరపడింది. శ్రీకూర్మం, సింహాచలం శాసనాలను దక్షిణ భారత శాసన సంపుటాలలో నేడు మనం వెదకి పట్టుకోగలుగుతున్నామంటే ఆ సంఖ్యల చలవే.

రాళ్ళకు సైతం ఇదే న్యాయం వర్తించింది. శ్రీశైలం జలాశయపు ముంపు నుండి కాపాడేందుకు కృష్ణా తుంగభద్రల సంగమ స్థానంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. కాకతి రుద్రదేవుడు 1163లో నిర్మించిన హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కల్యాణమండపాన్ని 2006లో విప్పగా, పునర్నిర్మాణం పూర్తయి 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, తిరిగి తెరిచారు. ఇటువంటి పనిలో విప్పే ప్రతి రాతికీ అంకె వేస్తారు. ఆ అంకె ఏ వరుసదో చిత్రపటంలో గుర్తిస్తారు. అంకె చెరిగిన రాయి ఎంత చక్కగా చెక్కినదైనా దాని చోటు దానికి దొరకదు.

ఛాయాచిత్రం దేవుణ్ణే తిరిగి తెచ్చిన ఉదంతం ఒకటున్నది. తమిళనాట అరియలూరు జిల్లా శ్రీపురందాన్ ఆలయంలోని చోళకాలపు నటరాజమూర్తి అపహరణకు గురై, 2008లో సుమారు 50 లక్షల డాలర్లకు ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధనా సంస్థ 1956 నుండి దక్షిణాది ఆలయాలను చిత్రిస్తూ, లక్షకు పైగా ఛాయాచిత్రాలను ఊరి పేరుతో, తేదీతో భద్రపరచింది. వాటిలో 1994లో ఆ గుడిలోనే తీసిన ఈ మూర్తి చిత్రాలు దొరికాయి. విదేశంలో ఉన్న విగ్రహం ఈ ఊరి దేవుడేనని చెప్పటానికి అవి బలమైన సాక్ష్యమైనాయి. 2014 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రధాని స్వయంగా ఆ మూర్తిని మన దేశానికి అప్పగించారు. ఆ చిత్రం పెట్టెలో ఉండి, దాని మీద ఊరి పేరు లేకపోయినట్లయితే అది ఏదో ఒక నటరాజు బొమ్మగా మాత్రమే ఉండేది. మన ఉత్సవమూర్తులకు ఈ రక్షణ కల్పించటం మన బాధ్యత కాదా?

నేడు చిత్రాలకు కొరత లేదు, పేర్లకే కొరత. కెమెరా తనంతట తాను నాలుగంకెల సంఖ్య వేస్తుంది. 9999 దాటగానే మళ్ళీ 0001 వస్తుంది. అందువలన రెండు వేర్వేరు ఉత్సవాల చిత్రాలకు ఒకే పేరు పడి, ఒకటి రెండవదానిని చెరిపివేసే ప్రమాదం ఉన్నది. కనుక చిత్రం పేరులో ముందు సంవత్సరం, తరువాత నెల, తేదీ, ఆపైన ఘట్టం ఉండాలి. అప్పుడు అవి కాలక్రమంలో తామే వరుస కడతాయి. ప్రతి చిత్రంలోనూ తీసిన సమయం అంతర్గతంగా నమోదవుతుంది గాని, కెమెరా గడియారం తప్పుగా ఉంటే అదీ తప్పే. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు తొలగి, చిత్రపు నాణ్యత కూడా తగ్గుతుంది. దానినే డాక్యుమెంటుగా పంపితే అసలు ప్రతి చెడదు.

ప్రతి చిత్రానికీ అయిదు మాటలు జతచేయాలి: ఏ మూర్తి లేక ఏ భాగం, ఆలయంలో ఏ చోట, ఏ తేదీ తిథి, ఏ ఘట్టం, తీసినవారెవరు. మాటల వాడుకలో ఏకరూపత ముఖ్యం. ఒకరు గాలిగోపురమనీ, మరొకరు రాజగోపురమనీ వ్రాస్తే వెదికినప్పుడు సగం చిత్రాలే దొరుకుతాయి. అర్చకస్వాములను సంప్రదించి జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం మొదలైన మాటల పట్టికను ముందే సిద్ధం చేసుకోవాలి. ఆ మాటలను యూనికోడు తెలుగులో వ్రాయాలి. అచ్చుపనికి వాడే పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు వెదుకులాటకు అందదు. ఈ వివరాలు చిత్రంలోపలనే నిక్షిప్తమై ఉండటం మేలు. ఎందరో తమ చిత్రాలను పేర్చుకొన్న పికాసాను గూగుల్ సంస్థ 2016లో నిలిపివేసింది. సాఫ్టువేరు పోయినా చిత్రంలోని మాట పోరాదు.

కొన్ని హద్దులూ పాటించాలి. ఆగమం, ఆలయ ఆచారం అనుమతించనిచోట మూలమూర్తిని చిత్రించరాదు. ఆభరణాల చిత్రాలు, అవి ఉండే చోటు వివరాలు బాధ్యులైనవారి వద్దనే ఉండాలి. ఇక భద్రత విషయానికి వస్తే, మూడు ప్రతులు చేసి, వాటిలో ఒకటి ఆలయానికి దూరంగా వేరొక చోట ఉంచటం క్షేమం. అగ్నిప్రమాదం, వరద ఒకేసారి మూడింటినీ తాకవు.

భక్తమహాశయులకు, దాతలకు ఒక విన్నపం. మీ ఇళ్ళలోని పాత ఆల్బముల్లో తాతగారి కాలపు రథోత్సవమో, కూలిన మండపమో, నేడు లేని ధ్వజస్తంభమో ఉండవచ్చు. ఆ చిత్రాలను ముందూ వెనుకా రెండు వైపులా స్కాను చేయించండి. ముఖ్యంగా, అందులోని మనుషులను, చోటును గుర్తించగల పెద్దలు ఇంట్లో ఉండగానే వారి పక్కన కూర్చొని పేర్లు వ్రాసుకోండి. చిత్రం మరో యాభై ఏళ్ళు నిలువగలదు, దానిని గుర్తుపట్టే కన్ను అంతకాలం నిలువదు.

ద్రవ్యదానంతో గోపురం లేచింది. ఆ గోపురం ఎట్లా లేచిందో రాబోయే తరాలకు చెప్పటానికి ఈ అక్షరదానం కూడా అవసరం. మరొక పుష్కరకాలానికి మళ్ళీ సంప్రోక్షణ జరిగే వేళ, ఆనాటి స్థపతి మన చిత్రాలను తెరిచి ఏ రాయి ఎక్కడిదో తడుముకోకుండా తెలుసుకోగలిగితే మన కైంకర్యం సఫలమైనట్లే. అందుకు తగిన బుద్ధిని, ఓపికను స్వామివారు మనకు అనుగ్రహించుగాక.