మిషన్ లేని 200 వాచీలు

రివర్సో వాచీని బొటనవేలితో ఒక పక్కకి నెట్టి చూడండి. దీర్ఘచతురస్రపు డబ్బా తన చట్రంలో గాడి వెంట జరుగుతుంది. చివరికి రాగానే బోర్లా తిరుగుతుంది. మళ్లీ వెనక్కి నెడితే టక్కుమని కూర్చుంటుంది. ఇప్పుడు డయల్ మణికట్టు వైపు ఉంది, పైకి కనిపించేది ఉత్త స్టీలు వీపు. సికింద్రాబాద్‌లో మా నాన్నగారి రిపేరు బల్ల దగ్గర మొదటిసారి ఇది చూసినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. తర్వాత ఆ బల్ల నాకొచ్చింది. ఒమెగాలు, ఫావ్రే-లూబాలు, లెక్కలేనన్ని హెచ్ఎంటీలు విప్పాను, బిగించాను. ఇంత ఇష్టం ఇంకే వాచీ మీదా కలగలేదు. దీని చరిత్ర చెప్పేవాళ్లు పోలో ఆటతో మొదలుపెట్టి దాదాపు అక్కడే ఆగిపోతారు. నా లెక్కలో అసలు కథ నలభై ఏళ్ల తర్వాత ఒక ఇటలీ వ్యాపారి చేసిన బేరంలో ఉంది.

అయినా పోలో కథ వదిలి ముందుకు పోలేం, అందులో మన దేశం ఉంది. సేజార్ ద త్రే అని ఒక స్విట్జర్లాండ్ వ్యాపారి. దంతవైద్యుల సామగ్రి అమ్మి బాగా సంపాదించి, తర్వాత వాచీల వ్యాపారంలోకి దిగాడు. 1930-31 చలికాలంలో ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు బ్రిటిష్ అధికారులు పోలో ఆడుతుంటే చూశాడట. ఆట అయ్యాక ఒక అధికారి గ్లాసు పగిలిన తన వాచీ చూపించి, ఈ ఆటకి తట్టుకునే వాచీ చేయగలరా అని అడిగాడట. ఇది రివర్సో తయారుచేసే జేగర్-లెకూల్ట్ర్ కంపెనీ చెప్పుకుంటూ వచ్చిన కథ. కంటోన్మెంట్లలో పోలోకి ఎంత చోటు ఉండేదో సికింద్రాబాద్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, బైసన్ పోలో గ్రౌండ్ పేరు ఇప్పటికీ మా నోళ్లలో ఉంది. పరిగెత్తే గుర్రం మీద కూర్చుని పొడుగాటి కర్ర ఊపే ఆటలో వాచీ గ్లాసు పగలడం వింతేమీ కాదు. చేతి వాచీ కూడా అప్పటికి కొత్త అలవాటే. అంతకు ముందు తరం మగవాళ్లు కోటు జేబులో గొలుసు వాచీ పెట్టుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు వాచీని మణికట్టుకి కట్టుకున్న తర్వాతే ఆ పద్ధతి మగవాళ్లలో బాగా పాకింది.

కథ కన్నా నాకు కాగితం మీద గురి ఎక్కువ. 1931 మార్చి 4న రెనే-ఆల్ఫ్రెడ్ షోవో అనే డిజైనరు పారిస్‌లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. తన చట్రంలో జరిగి పూర్తిగా వెనక్కి తిరిగే వాచీ అని అందులో ఉంది. ద త్రే ఆ హక్కులు కొన్నాడు. అదే ఏడాది నవంబరులో రివర్సో అనే పేరు నమోదైంది. చలికాలంలో అడిగిన మాటకి ఏడాది తిరక్కుండానే సరుకు తయారైందన్నమాట.

ఇంత త్వరగా ఎలా కుదిరిందంటే, ద త్రే ఈ పని అప్పగించిన స్నేహితుడు జాక్-డేవిడ్ లెకూల్ట్ర్ మామూలు ఫ్యాక్టరీ యజమాని కాదు. ఆయన తాత ఆంత్వాన్ లెకూల్ట్ర్ 1833లో జూరా కొండల్లో, వాలే ద జూ అనే లోయలోని ల సాంటియే ఊళ్లో పని మొదలుపెట్టాడు. చలికాలమంతా మంచు కప్పేసే చోటు అది. పొలం పని ఆగిపోయిన నెలల్లో రైతులు కిటికీ పక్కన కూర్చుని చక్రాలు, స్క్రూలు చేసేవారు. 1844లో ఆంత్వాన్ ఒక కొలత సాధనం చేశాడు, అది మిల్లీమీటరులో వెయ్యో వంతుని కూడా కొలిచేది. పారిస్‌లో ఎడ్మండ్ జేగర్ అనే గడియారాల నిపుణుడు 1903లో బాగా పల్చటి మిషన్లు చేయగలరా అని స్విట్జర్లాండ్ వాళ్లని సవాలు చేస్తే, దానికి ముందుకు వచ్చింది మనవడు జాక్-డేవిడే. 1907 నాటి వాళ్ల జేబు వాచీ మిషన్ మందం 1.38 మిల్లీమీటర్లు. మా వృత్తిలో ఉన్నవాళ్లు ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. అంత మందంలోనే చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకోకుండా తిరగాలి, స్ప్రింగు విప్పుకోవాలి, బ్యాలెన్సు ఊగాలి. చొక్కా కఫ్ కింద ఇమిడిపోయే పల్చటి వాచీ ఆ పనితనం నుంచి వచ్చింది. డ్రెస్ వాచీ అంటే నాకు అదే. జేగర్-లెకూల్ట్ర్ అనే జంట పేరు మాత్రం 1937లోనే కుదిరింది.

మొదట్లో వచ్చిన రివర్సోల్లో లెకూల్ట్ర్ మిషన్ ఉండదు. ఆ దీర్ఘచతురస్రపు డబ్బాకి సరిపోయే మిషన్ అప్పటికి వాళ్ల దగ్గర లేక తవాన్ అనే మరో స్విస్ కంపెనీ నుంచి తెప్పించారు. 1933లో సొంత మిషన్ వచ్చాక గానీ తవాన్‌ని వదల్లేదు. ఈ సంగతి తెలియని వాళ్లు 1931, 32 నాటి వాచీ విప్పి లోపల వేరే పేరు చూసి నకిలీ అనుకుంటారు. నిజానికి ఆ తొలి వాచీల్లో అదే ఉండాలి. ఆ ఏళ్ల వాచీలో లెకూల్ట్ర్ మిషన్ కనిపిస్తే, మధ్యలో ఎవరో మార్చారా అని అడగాల్సి వస్తుంది.

గ్లాసు కాపాడటానికి పుట్టిన స్టీలు వీపు మీద మనుషులు తమ గుర్తులు చెక్కించుకోవడం మొదలుపెట్టారు. పొడి అక్షరాలు, వంశ చిహ్నాలు, ఎనామెల్ బొమ్మలు. 1935లో ఎమీలియా ఇయర్‌హార్ట్ మెక్సికో సిటీ నుంచి న్యూయార్క్ వైపు విమానం నడిపిన దారి కూడా ఒక రివర్సో వీపు మీద గీతగా ఉంది. అమెరికా జనరల్ మెకార్తర్ వాచీ మీద ఆయన పేరు పొడి అక్షరాలు ఉన్నాయి. 2015లో అది వేలానికి వస్తే కంపెనీయే కొనుక్కుంది. చెక్కించుకున్న వాళ్లలో ఎక్కువమంది ఎవరికీ తెలియని మామూలు మనుషులే. పెళ్లి తారీఖో, ఉద్యోగంలో చేరిన రోజో, రెండక్షరాలో ఉంటాయి.

మా బల్ల దగ్గరికి ఒకసారి అలాంటి వాచీ పట్టుకుని ఒకాయన వచ్చారు. వీపు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు అరిగి, మసకగా ఉన్నాయి. "మాస్టారూ, ఎవరిదో పేరు నేనెందుకు మోయాలి? బఫ్ పట్టి తీసెయ్యండి" అన్నారు. నాన్నగారు కంటి అద్దం తీసి పక్కన పెట్టారు. "తీయొచ్చు బాబూ. పేరుతో పాటు రేకూ పోతుంది, అది మళ్లీ రాదు. ఈ పేరు పెట్టుకున్నాయన దీన్ని కిందా మీదా పడెయ్యకుండా చూసుకున్నాడు గనకే మీ చేతికి ఇట్లా వచ్చింది" అన్నారు. ఆయన వాచీ అట్లాగే తీసుకెళ్లారు. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేనూ అదే మాట చెప్తాను, అంతే గట్టిగా.

ఇక ఇటలీ వ్యాపారి సంగతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అభిరుచి మారింది. గుండ్రటి వాచీలు, కీ ఇవ్వక్కర్లేని ఆటోమాటిక్‌లు, నీళ్లు దూరని కేసులు వచ్చాయి. రివర్సో తయారీ తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఆ మీదట 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీ విడుదల చేసింది. బ్యాటరీతో నడిచే ఆ వాచీ టైము ముందు ఏ స్ప్రింగు వాచీ నిలవలేదు. స్విట్జర్లాండ్‌లో 1970 ప్రాంతంలో ఈ పరిశ్రమలో 90 వేల మంది దాకా పనిచేసేవారు. 1980ల మధ్యకి 30 వేల పైచిలుకు మిగిలారు. యంత్రాలు తుక్కు కింద పోయాయి. జెనిత్ కంపెనీలో షార్ల్ వెర్మో అనే పనివాడు పైవాళ్ల మాట కాదని, పనిముట్లనీ డ్రాయింగులనీ అటకలో దాచాడు. ఆ కంపెనీకి పేరు తెచ్చిన మిషన్ మళ్లీ పుట్టడానికి ఆ అటకే కారణం.

రివర్సోకి అలాంటి మనిషి జార్జో కోర్వో, ఇటలీలో వాచీల వ్యాపారి. 1972లో ల సాంటియే ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు ఆయనకి అక్కడ పాత రివర్సో కేసులు 200 కనిపించాయి. మిషన్లు లేవు, ఉత్త కేసులు. వీటిలో మిషన్ పెట్టి ఇవ్వండి, నేను అమ్ముకుంటాను అన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల కంటికి అది ఎప్పుడో ముగిసిపోయిన సరుకు. ఆయన 200 కేసులూ కొనేసి ఇటలీ తీసుకెళ్లాడు. మిషన్లు అమర్చిన ఆ వాచీలు కొద్ది కాలంలోనే అమ్ముడుపోయాయి. కంపెనీ కళ్లు తెరిచింది ఆ తర్వాతే. ప్రపంచమంతా బ్యాటరీ వైపు పరిగెడుతున్న ఆ ఏళ్లలోనే పాత స్ప్రింగు వాచీల విలువ తెలిసి వెతుక్కున్నవాళ్లలో ఇటలీ వాళ్లు ముందున్నారు. 1974లో జెనీవాలో మొదలైన ఆంటికోరమ్ వేలంశాల పాత వాచీకి కేటలాగునీ ధరనీ ఇచ్చింది. అందుకే నేను అంటాను: ఈ వాచీని పుట్టించినవాళ్లు ఫ్యాక్టరీవాళ్లు, బతికించినవాళ్లు పాత సరుకు విలువ తెలిసిన వ్యాపారులు, దాచుకున్న ఇళ్లవాళ్లు, నూనె వేసి నడిపించిన రిపేరువాళ్లు. సెకండ్ హ్యాండ్ అని చిన్నచూపు చూసేవాళ్లకి ఈ చరిత్ర తెలియాలి. సెకండ్ హ్యాండ్ బజారు లేకపోతే కొత్త రివర్సో కూడా షోరూములో ఉండేది కాదు.

నా దగ్గరున్న రివర్సో ఒక పార్సీ కుటుంబం నుంచి వచ్చింది, 1930ల నాటిది. కొనేముందు నేను మొదట టైము చూడలేదు. డబ్బా పక్కకి జరిపి, తిప్పి, మూసి, చెవి పెట్టి విన్నాను. మూసుకునేటప్పుడు చిన్న స్ప్రింగు గోళీ గుంటలో పడాలి. ఆ చప్పుడు గట్టిగా, పొడిగా ఉంటే కేసు అరగలేదని అర్థం. వదులుగా గలగలమంటే చట్రం వంగి ఉంటుంది, లేదా గాడి అరిగి ఉంటుంది. మిషన్ బాగుచేయడం కన్నా ఆ వదులు సరిచేయడం కష్టం. తర్వాత డయల్ పైనా కిందా ఉన్న మూడేసి గీతలు. అవి గోరుకి తగలాలి, అంచులు పదునుగా ఉండాలి. సబ్బుబిళ్ల అంచుల్లా నున్నబడి ఉంటే ఎవరో పదేపదే బఫ్ పట్టారు. అలాంటి వాచీ మెరుస్తుంది, ఫోటోలో చాలా బాగుంటుంది. నేను కొనను.

డయల్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మన బజార్లలో పాత వాచీలకి డయల్ తిరిగి రంగు వేసి అమ్మడం మామూలైపోయింది. అక్షరాల అంచులు మందంగా ఉన్నాయా, నిమిషాల గీతలు ఒక మూల కలవకుండా ఉన్నాయా, ఎనభై ఏళ్ల వాచీకి నిన్న అచ్చువేసిన తెలుపు ఉందా అని అద్దంతో చూడాలి. కొంచెం పసుపు తిరిగి, అక్కడక్కడా చుక్కలు పడ్డ అసలు డయల్‌ని నేను కళ్లకి అద్దుకుంటాను. ముళ్లు డయల్ వయసుకి సరిపోవాలి. కీ తిప్పితే మెత్తగా, వరసగా పళ్లు తగలాలి. జారుతుంటే లోపల అరుగుదల ఉంది. అమ్మేవారు లోపలి మిషన్ చూపించనంటే ఆ బేరం అక్కడితో వదిలేయాలి, వాచీ ఎంత అందంగా ఉన్నా సరే.

రోజూ పెట్టుకోవడానికి కావాలనుకునే వాళ్లకి నేను 1985 తర్వాతి వాచీ చూసుకోమంటాను. ఆ ఏడు కంపెనీ ఇంజనీరు డేనియల్ వైల్డ్ రూపొందించిన కొత్త కేసు వచ్చింది. యాభైకి పైగా భాగాలు ఉన్న ఆ కేసులోకి దుమ్మూ నీళ్లూ అంత సులువుగా దూరవు. పాత కేసుకి ఆ రక్షణ లేదు. మన ఎండల్లో చెమట గాడిలోకి దిగుతుంది, మొదటి వానకే ఆవిరి గ్లాసు కింద చేరుతుంది, స్టీలు స్క్రూలకి తుప్పు పడుతుంది. 1930ల వాచీ ఉన్నవాళ్లు దాన్ని పెళ్లిళ్లకీ, సాయంత్రం కచేరీలకీ ఉంచుకోవాలి. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడవాలి. నెలకోసారైనా కీ ఇచ్చి నడిపించాలి. పదేళ్లు పెట్టెలో ఉన్న వాచీకి తీసిన వెంటనే నిండా కీ ఇవ్వొద్దు. నూనె ఎండిపోయి ఉంటుంది, ఎండిన నూనె మీద తిరిగితే ఇరుసులు అరుగుతాయి. ముందు విప్పి శుభ్రం చేయించి, కొత్త నూనె వేయించాలి. ఆ పని చేసేవారికి దీర్ఘచతురస్రపు మిషన్ విప్పిన అనుభవం ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి.