మన పెద్దలను మోసిన పాత బస్సులు

‘పాత ఒక రోత, కొత్త ఒక వింత’ అని మన పెద్దలు ఊరకనే అనలేదు. ఇంటిలోని పాత సామాను, వాకిటిలోని పాత బండి వదిలించుకొనేదాకా మనకు నిద్ర పట్టదు. నవాబులు తిరిగిన కార్లను మాత్రం మ్యూజియములలో తాళ్ళు కట్టి, తుడిచి, మెరుగుపెట్టి చూచుకొంటాము. వేలమంది సామాన్యులను కూలికి, బడికి, ఆసుపత్రికి, పెళ్ళికి చేర్చిన బస్సు ఆయుష్షు తీరగానే తుక్కు కింద అమ్ముడుపోతుంది. దానిని దాచి ఉంచాలన్న ఆలోచన ఎవరికో గాని రాదు.

మన సాంస్కృతికోత్సవ ప్రత్యేక సంచికలో ఈసారి పాత ప్రయాణికుల బస్సులను బాగుచేసి భద్రపరచుకొనే పనిని గురించి నాలుగు మాటలు విన్నవించుకొంటున్నాము. ఇంజన్ల మీద మోజు ఉన్నవారికి ఇదొక వేడుక. బహ్రెయిన్‌లో మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన మనవంటి కుటుంబాలకు ఇది స్వంత చరిత్ర. మన తాతలు గ్రంథాలు వ్రాయలేదు, వారి పేర్లు శాసనాలకెక్కలేదు. వారు బస్సెక్కి పనికి పోయినారు, బస్సెక్కి ఇంటికి వచ్చినారు. వారి జీవితానికి సాక్ష్యం చెప్పగల వస్తువులలో ఆ బస్సు ఒకటి.

1932 జూన్ మాసం మన రెండు నేలలకు గుర్తుంచుకోదగిన మాసం. ఆ నెల ఆరంభంలో ఇక్కడ జబల్ దుఖాన్ వద్ద మొదటి బావిలో చమురు పడినది. అదే నెలలో హైదరాబాదు సంస్థానంలో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో పని ప్రారంభించినది. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు. అయినా మన కుటుంబాల కథ ఆ రెండు సంఘటనల నడుమనే నడిచినది. ఒకటి మన పెద్దలకు ఇక్కడ పని చూపినది, మరొకటి వారు సెలవుకు పోయినప్పుడు ఊరు చేర్చినది.

రైల్వే వారు బస్సులు నడపడమేమని పిల్లలు అడుగుతారు. ఆ కాలంలో ప్రైవేటు మోటారు బస్సులు రైళ్ళకు పోటీగా తయారైనవి. రైలు ఆదాయం పడిపోతున్నదని బ్రిటిషు ఇండియాలోను ఆందోళన బయలుదేరి, 1932లో మిచెల్, కర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులను విచారణకు నియమించినారు. హైదరాబాదులో రైల్వే 1930లోనే ప్రభుత్వం చేతికి వచ్చి ఉన్నది. కనుక అక్కడ రైలూ బస్సూ ఒకే యాజమాన్యం కింద నడిపించడం సులువైనది. రైలు పోని ఊళ్ళకు రైల్వే వారి బస్సు పోయినది. భారతదేశంలో ప్రభుత్వమే స్వయంగా బస్సులు నడపడానికి తొలి ఉదాహరణగా దీనినే చెప్పుకొంటారు.

నాటి బస్సులు ఆల్బియన్ కంపెనీవి. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో 1899లో స్థాపించిన కంపెనీ అది. రేడియేటరు మీద ఉదయిస్తున్న సూర్యుని బొమ్మ వారి గుర్తు. 1951లో ఆ కంపెనీ లేలాండ్ వారిలో కలిసిపోయినది. ఆ నిజాం కాలపు ఆల్బియన్ బస్సులలో ఒకదానిని హైదరాబాదు ముషీరాబాదులోని బస్ భవన్‌లో భద్రపరచినారు. సెలవులకు పోయినప్పుడు చార్మినారు, గోలకొండ పిల్లలకు చూపిస్తాము. ఈ బస్సును కూడా చూపించవలసినదని మా మనవి.

ఆర్టీసీ బస్సుల నంబరు పలకలపై కనిపించే ‘జెడ్’ అక్షరానికీ ఒక కథ చెప్పుకొంటారు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు నిలిచేటట్లు ఆ అక్షరం పెట్టించినారని జనశ్రుతి. సంస్థానం పోయినది, రాష్ట్రాలు మారినవి, అక్షరం మాత్రం మిగిలినది. 1951 నవంబరులో రోడ్డు రవాణా శాఖ రైల్వే నుండి విడివడినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. ఆంధ్ర ప్రాంతంలో 1959లో కృష్ణా జిల్లాతో బస్సుల జాతీయీకరణ మొదలైనది. 1999లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులు గల సంస్థగా అది గిన్నిస్ బుక్కులోకి ఎక్కినది. ‘ఎర్రబస్సెక్కి వచ్చినాడు’ అని పల్లెటూరివారిని వెక్కిరించే మాట తెలుగులో ఉన్నది. ఆ ఎర్రబస్సు లేకపోతే పల్లెటూరి పిల్లవాడు కాలేజీ చూచేవాడు కాడు, బొంబాయి రేవుకు చేరేవాడు కాడు, అక్కడినుండి ఓడెక్కి ఈ ద్వీపానికి వచ్చేవాడూ కాడు.

అంత పెద్ద సంస్థ గడిచిన కాలంలో ఏమి మిగిలినదో, ఏమి పోయినదో కూడా చెప్పుకోవాలి. గౌలిగూడ బస్సుస్టాండు పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. అమెరికా నుండి తెప్పించిన విమానాల షెడ్డు అది. ‘మిసిసిపి హ్యాంగరు’ అని పేరు. ఇనుప రేకుల ఆ గుండ్రని కప్పు కింద 1932 నుండి బస్సులు నిలిచినవి. 1994లో మహాత్మాగాంధీ బస్సుస్టేషను వచ్చిన తరువాత దాని ప్రాధాన్యం తగ్గినది. 2018 జులై 5న ఆ కప్పు కుప్పకూలినది. ముందుగానే ప్రమాదం గుర్తించి ఖాళీ చేయించడంచేత ప్రాణనష్టం జరగలేదు. మనుషులు బతికినారు, సంతోషమే. కాని ఎనభైయారేళ్ళ చరిత్ర ఒక్క పూటలో రేకుల కుప్ప అయినది. జాగ్రత్త పడనిదే పాతది నిలవదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

డబుల్ డెక్కరు సంగతీ అంతే. నిజాం కాలంనుండి జంటనగరాలకు అలంకారంగా తిరిగిన రెండంతస్తుల బస్సులు 2003లో ఆగిపోయినవి. ఇరవై ఏళ్ళకు, 2023 ఫిబ్రవరిలో, కరెంటుతో నడిచే కొత్త డబుల్ డెక్కర్లను హైదరాబాదు రోడ్ల మీదికి తెచ్చినారు. జనం మురిసిపోయినారు. కొత్త బస్సు వచ్చినంత మాత్రాన పాత బస్సు తిరిగి రాదు. చెక్క మెట్ల చప్పుడు, గంట తాడు, పై అంతస్తు ముందు సీటుకోసం పిల్లల పోట్లాట, ఇవి పాత బస్సులోనే ఉన్నవి.

ఇక మన బహ్రెయిన్ సంగతి. 1936లో చమురు శుద్ధి కర్మాగారం నెలకొన్నది. కార్మికులు ఊళ్ళనుండి, వాడలనుండి రోజూ అక్కడికి చేరాలి. ముహర్రక్‌నుండి మనామాకు పడవల మీద దాటవలసిన రోజులవి. 1942లో షేఖ్ హమద్ వంతెన తెరచిన తరువాత ఆ రెండు పట్టణాల మధ్య చక్రాల మీద ప్రయాణం సాధ్యమైనది. లారీ ఛాసిస్ తెప్పించి, దాని మీద ఇక్కడి వడ్రంగులు చెక్కతో బాడీ కట్టిన బస్సులు ఆనాటి రోడ్ల మీద తిరిగినవి. పడవలు కట్టడంలో ఆరితేరిన ద్వీపానికి చెక్కపని కొత్త కాదు గదా.

ఈ దేశపు రాజకీయ చరిత్రలో కూడా బస్సుకు చోటున్నది. 1954లో వాహనాలకు నిర్బంధ ఇన్సూరెన్సు భారం మోయలేక టాక్సీ, బస్సు డ్రైవర్లు సమ్మె చేసినారు. అబ్దుల్ రహ్మాన్ అల్ బాకిర్ పూనుకొని, డ్రైవర్లే చందాలు వేసుకొనే సహకార పరిహార నిధిని ఏర్పాటు చేసినారు. ఆ ఏటి చివరిలో తలెత్తిన పెద్ద ప్రజా ఉద్యమానికి అది ఒక తొలిమెట్టు. స్టీరింగు పట్టినవారు చరిత్రను కూడా కొంత తిప్పినారన్నమాట.

ఇతర దేశాలవారు ఏమి చేస్తున్నారో చూద్దాము. లండనులో రూట్‌మాస్టరు అనే ఎర్ర డబుల్ డెక్కర్లను 1968 వరకు మొత్తం 2,876 తయారుచేసినారు. 2005 డిసెంబరు 9న అవి మామూలు సర్వీసునుండి విరమించినవి. అయినా అభిమానులు స్వంత డబ్బుతో కొని, సెలవురోజులలో రెంచీలు పట్టుకొని బాగుచేసి, నేటికీ ఉత్సవాలలో నడుపుతున్నారు. మాల్టా ద్వీపం మనకు మరీ దగ్గరి పోలిక. అక్కడ కూడా లారీ ఛాసిస్‌ల మీద స్థానిక పనివారే బాడీలు కట్టినారు. ఒక్కొక్క యజమాని తన బస్సును పెళ్ళికూతురిలా అలంకరించుకొన్నాడు. 2011 జులైలో అవి రోడ్డు దిగినవి. కొన్నింటిని మాత్రం ముందుచూపుతో భద్రపరచినారు.

పాత బస్సును బాగుచేయడమంటే రంగు వేయడం కాదు. మొదట చేయవలసిన పని విప్పకముందే ప్రతి భాగానికీ ఫోటో తీయడం, కొలతలు వ్రాసుకోవడం. తరువాత ఛాసిస్‌ను పరీక్షించాలి. అది తుప్పుపట్టి పలచబడితే పైన ఎంత ముస్తాబు చేసినా వ్యర్థం. మన ద్వీపంలో ఉప్పుగాలి ఇనుమును తింటుంది, ఎండ చెక్కను పగలగొడుతుంది, రబ్బరును పిండి చేస్తుంది. ఏళ్ళతరబడి నిలిచిపోయిన ఇంజనును ఒక్కసారిగా స్టార్టు చేయరాదు. సిలిండర్లలో నూనె పోసి, నాననిచ్చి, చేతితో మెల్లగా తిప్పి చూడాలి. రంగును ఒక మూల జాగ్రత్తగా గీకితే పొర కింద పొర బయటపడుతుంది. అన్నిటికన్న అడుగున ఉన్నది బస్సు పుట్టినప్పటి రంగు. ఆ మూలను అలాగే వదలిపెట్టడం మంచి పద్ధతి. తరువాత వచ్చేవారికి అదే ఆధారం.

ఎంతవరకు మార్చవచ్చునన్నది పెద్ద ప్రశ్న. కుళ్ళిన చెక్క తీసి కొత్తది వేయక తప్పదు. అరిగిన మెట్టును, లక్షల చేతులు పట్టి నున్నబడిన కడ్డీని మాత్రం కొత్తగా చేయకూడదని మా అభిప్రాయం. ఆ అరుగుదలే మన పెద్దల సంతకం. వేసిన కొత్త భాగం మీద వేసిన సంవత్సరం చెక్కి, ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. బాగైన బస్సును మూలన పెట్టినా మళ్ళీ పాడవుతుంది. అప్పుడప్పుడు కాస్త దూరమైనా నడపాలి.

మన కుటుంబాలలో ఎవరి ఇంటిలోను బస్సు ఉండదు. కాని పాత పెట్టెలలో ఫోటోలు ఉన్నవి. వాటిని చదవడం నేర్చుకొంటే అవీ చరిత్రే. కొన్ని గుర్తులు చెబుతాము.

బహ్రెయిన్‌లో వాహనాలు 1967 నవంబరు వరకు రోడ్డుకు ఎడమవైపున నడిచినవి, ఆ తరువాత కుడివైపుకు మారినవి. కనుక ఇక్కడి ఫోటోలో బస్సెక్కే తలుపు ఎడమ పక్కన ఉంటే అది సాధారణంగా అంతకుముందు తయారైన బస్సు. ఫోటో తిరగబడి ముద్రించలేదు గదా అని నంబరు పలక చూచి నిర్ధారించుకోవాలి. టికెట్టు దొరికితే ధర చూడండి. రూపాయలు, అణాలు, పైసలు ఉంటే అది 1965 అక్టోబరులో దీనారు రాకముందుది. ఊరి ఫోటో అయితే బస్సు పక్కన వ్రాసిన పేరు చదవండి. హైదరాబాదు ప్రాంతపు బస్సుపై రైల్వే పేరుంటే 1951కి ముందుది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సంస్థ పేరుంటే 1958 తరువాతిది. కృష్ణా, గుంటూరు వైపు ప్రైవేటు కంపెనీ పేరుంటే జాతీయీకరణకు పూర్వపుది కావచ్చును.

నుదుటి బోర్డు మీద ఊరిపేరు తెలుగులో ఉంటే దానిని చదవగలిగేది ఎవరు? మేము తెలుగు అక్షరాలు నేర్చుకొన్నది సాయంకాలపు తరగతులలోనే. బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం మళ్ళీ పలక పట్టుకొన్నవారము. కనుక పిల్లల కష్టం మాకు తెలియును. కాని ఒక పిల్లవాడు తాతగారి ఫోటోలోని బోర్డు చూచి, కూడబలుక్కొని, ఆ ఊరిపేరు పైకి చదివితే, ఆ కుటుంబం పోగొట్టుకొన్న ఊరు దానికి తిరిగి దొరికినట్లే. ఏ పాఠ్యపుస్తకమూ అంతటి పాఠం చెప్పలేదు.

కాబట్టి మా విన్నపం ఇది. ప్రతి ఇంటివారు పెట్టెలు తెరచి ఫోటోలు, టికెట్లు, కంపెనీ బస్సు పాసులు వెదకండి. అసలు ప్రతిని ఇంటిలోనే భద్రంగా ఉంచి, నకలును మన తెలుగు తరగతికి ఇవ్వండి. వెనుకవైపు పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం వ్రాయండి. ఎనభై దాటిన పెద్దలు మన మధ్య కొందరే ఉన్నారు. ఏ బస్సెక్కేవారు, ఎంత ఇచ్చేవారు, పక్కన ఎవరు కూర్చొనేవారు అని వారిని ఈ చలికాలంలోనే అడిగి వ్రాసుకోండి. బస్సులకు షెడ్డు కట్టగల శక్తి మన సంఘానికి లేకపోవచ్చును. ఒక నోటుపుస్తకం కొనగల శక్తి అందరికీ ఉన్నది. ఆ పుస్తకం నిండితే, వచ్చే ఉత్సవానికి దానినే సభలో చదువుకొందాము.