ఫాగ్ కంప్యూటింగ్: పరికరాల నుంచి పనుల బదిలీ – భద్రతాంశాలు

నిఘా కెమెరాలు, విద్యుత్ మీటర్లు, సెన్సర్లు వంటి అనుసంధానిత పరికరాలకు మెమరీ, బ్యాటరీ సామర్థ్యం పరిమితం. అందువలన అవి సేకరించిన సమాచారాన్ని విశ్లేషించే పనిని మరొక యంత్రానికి అప్పగిస్తాయి. సుదూర క్లౌడ్ కేంద్రానికి పంపినచో జాప్యం కలుగుతుంది. సమీపంలోని గేట్‌వే లేదా స్థానిక సర్వర్‌కు అప్పగించే విధానమే ఫాగ్ కంప్యూటింగ్. మేఘం కన్న పొగమంచు నేలకు చేరువగా ఉండుటయే ఈ పేరుకు ఆధారం. సిస్కో సంస్థ 2012లో దీనిని ప్రచారంలోకి తెచ్చినది. 2018లో ఐ.ఇ.ఇ.ఇ. 1934 ప్రమాణం వెలువడినది.

ముప్పు ఎక్కడ?

క్లౌడ్ కేంద్రాలకు కాపలా ఉంటుంది. ఫాగ్ నోడ్‌లు రహదారి స్తంభాలపై, కర్మాగారాలలో, దుకాణాలలో ఉంటాయి. వాటిని భౌతికంగా తాకి మార్చుట సులభం. పని అప్పగించుట అనగా సమాచారంతో పాటు నిర్ణయాన్ని సైతం అప్పగించుటయే. నీటి మట్టాన్ని నోడ్ తప్పుగా లెక్కించినచో మోటారు తప్పు సమయంలో నడుస్తుంది.

నాలుగు దశల రక్షణ

1. అప్పగింతకు ముందు: పరికరం, నోడ్ పరస్పరం గుర్తింపును ధ్రువీకరించుకోవలెను. నోడ్‌లోని సాఫ్ట్‌వేర్ మార్పులకు గురికాలేదని నిర్ధారించుకోవలెను.

2. మార్గమధ్యంలో: సమాచారాన్ని సంకేత లిపిలోకి మార్చి పంపవలెను. చిన్న పరికరాల నిమిత్తం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2023లో ఆస్కాన్ పద్ధతిని ఎంపిక చేసి, 2025 ఆగస్టులో ప్రమాణంగా ప్రకటించినది.

3. నోడ్‌లో: గణన కొరకు సాధారణంగా సంకేత లిపిని విప్పవలసి ఉంటుంది. కావున ఒకరి పని మరొకరికి కనిపించని ప్రత్యేక రక్షిత విభాగం అవసరం.

4. ఫలితం అందినప్పుడు: డిజిటల్ సంతకం పంపినవారెవరో తెలుపుతుంది, లెక్క సరైనదని తెలుపదు. కీలకమైన పనులను రెండవ నోడ్‌కు కూడా ఇచ్చి ఫలితాలను సరిపోల్చవలెను. పాత ఫలితాన్నే తిరిగి పంపకుండా కాలముద్ర ఉండవలెను.

పరికరాల వైపు నుంచి కూడా ప్రమాదం కలదు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ కర్మాగారంలో అమర్చిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటర్లను వశపరచుకొన్నది. అక్టోబరు 21న డిన్ సంస్థపై జరిగిన దాడిలో ఇవి వినియోగించబడి, పలు ప్రముఖ వెబ్‌సైట్లు స్తంభించినవి. ఇట్టి పరికరాలు నోడ్‌ను బూటకపు పనులతో నింపినచో అసలు పనులు నిలిచిపోతాయి.

భారతదేశంలో నిబంధనలు

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం, అనుసంధానిత పరికరాలపై దాడులతో సహా నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయవలెను. లాగ్‌లను 180 దినములు భద్రపరచవలెను. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ఇతరులచే ప్రాసెస్ చేయించిన సమాచారానికి కూడా దానిని చేయించిన సంస్థనే బాధ్యురాలిని చేస్తున్నది.

కావున టెండరు పత్రాలలో నోడ్ యాజమాన్యం, పాస్‌వర్డుల మార్పు, సాఫ్ట్‌వేర్ నవీకరణ గడువు, ఫలితాల తనిఖీ విధానం స్పష్టంగా పేర్కొనుట ఆవశ్యకం. “సమాచారం సంకేత లిపిలో ఉన్నది” అన్న హామీ రెండవ దశకు మాత్రమే సమాధానం. తక్కిన మూడింటికి కాదు.