ఆరు భాగాల కథ మూడింటితో సరి

"నాలుగు వారాల్లో ముగించెయ్యండి" అని ఎడిటరుగారు ఉత్తరం రాస్తే సీరియల్ రాసేవాళ్ళకి గుండె గుబేలే! కావలసిన పెళ్ళీ, రావలసిన చావూ ఒకే వారంలో జరిపించెయ్యాలి.

జపానులో తకహాషి తెత్సుయా, సొరాయా సాగా అనే భార్యాభర్తలు 'జెనోసాగా' అని వీడియో ఆటగా నడిచే పెద్ద కథ అల్లారు. ఆరు భాగాలనుకున్నారు. మొదటిది 2002లో వచ్చింది. 2004లో రెండోది వచ్చేసరికి స్క్రిప్టు మరొకరి చేతికి వెళ్ళింది. (ఆవిడ మనసెలా ఉందో!) ఆడేవాళ్ళు పెదవి విరిచారు. 2006లో మూడోదే ఆఖరిదైంది.

దానిమీద ఇప్పటికీ రెండు మాటలు. మూడింట్లోకీ ఇదే మేలనీ, షియోన్ అనే అమ్మాయి తన మరమనిషి కాస్‌మాస్‌ని విడిచే చోట ఏడ్చామనీ కొందరు. మధ్యలో జరిగిన సంగతులు చూపించకుండా, ఆటలో ఓ పక్కన పెట్టిన పేజీల్లో చదువుకోమంటే ఎలాగని మరికొందరు. రెండోవాళ్ళ కోపం న్యాయమే. అయినా మా అబ్బాయి పక్కన కూర్చుని చూసిన నాకూ కళ్ళు చెమర్చాయి.

చివర కాస్‌మాస్ విరిగిన ఒంటితో శూన్యంలో తేలుతూ భూమి దగ్గరికి చేరుతుంది. షియోన్ ఆ భూమినే వెతుక్కుంటూ బయల్దేరుతుంది. నాలుగో భాగం రానేలేదు.