జీలాంగ్ ప్రాజెక్ట్

జీలాంగ్ ప్రాజెక్ట్ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానికి చెందిన జీలాంగ్ నగరంలో 2010లో మొదలైన కార్యక్రమం. పిల్లలు ఇల్లు వదిలి నిలువనీడ లేనివారు కాకముందే బడులు, యువజన సేవాసంస్థలు కలిసి వారినీ వారి కుటుంబాలనూ ఆదుకోవడం దీని ఉద్దేశం. రూపకర్తల్లో ముఖ్యుడు అప్పట్లో స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకుడైన డేవిడ్ మెకెంజీ.

నేపథ్యం

ఆస్ట్రేలియాలో గూడులేని పిల్లల దుస్థితిని 1989లో మానవహక్కుల కమిషనర్ బ్రయాన్ బర్డెకిన్ నివేదిక వెలుగులోకి తెచ్చింది. ఇల్లు వదిలిన పిల్లలందరూ వెంటనే వీధిన పడరు. కొన్నాళ్లు ఒక స్నేహితుడి ఇంట్లో సోఫా మీద, మరికొన్నాళ్లు ఇంకొకరి ఇంట్లో తలదాచుకుంటారు. అక్కడ దీన్ని ‘కౌచ్ సర్ఫింగ్’ అంటారు. ఆ దశలో చాలామంది బడికి వస్తూనే ఉంటారు. వాళ్ల హాజరు బడికి తెలుసు, ఇంటి సంగతి తెలియదు. ఆశ్రయ కేంద్రాలకేమో తలుపు తట్టినవాళ్లే తెలుస్తారు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని పూడ్చడానికే ఈ ప్రాజెక్ట్ పుట్టింది.

పనితీరు

ఎవరినీ వేలెత్తి చూపకుండా విద్యార్థులందరి చేతా ఒకే ప్రశ్నావళి నింపిస్తారు. ఇంట్లో క్షేమంగా ఉన్నట్టు అనిపిస్తోందా, అమ్మానాన్నలతో తరచూ గొడవలు అవుతున్నాయా, త్వరలో ఇల్లు వదిలి వెళ్లాలనుందా వంటివి అందులో అడుగుతారు. జవాబులను ఉపాధ్యాయులకు తెలిసిన విషయాలతో సరిచూసి, అవసరమైన విద్యార్థితో విడిగా మాట్లాడతారు. గలగలా నవ్వుతూ తిరిగే పిల్లల్లోనూ కొందరి ఇంటి కష్టం ఇలా బయటపడుతుంది.

సాయం మూడంచెలుగా ఉంటుంది. మొదటి అంచెలో బడి సిబ్బంది ఓ కన్నేసి ఉంచుతారు. రెండో అంచెలో సేవాసంస్థ కార్యకర్త విద్యార్థితో, కుటుంబంతో కలిసి పనిచేస్తారు. సమస్య చిక్కుముడి అయితే మూడో అంచెలో పలు సంస్థలు ఒకే ప్రణాళికతో రంగంలోకి దిగుతాయి. పరిస్థితి మెరుగుపడితే విద్యార్థిని కింది అంచెకు మారుస్తారే గానీ అంతటితో వదిలేయరు.

ఫలితాలు, విస్తరణ

2013–2016 మధ్య, పాల్గొన్న 3 బడుల పరిధిలో గూడులేనివారి సేవలను ఆశ్రయించే యువత 40 శాతం, చదువు మధ్యలో మానేసేవారు 20 శాతం తగ్గినట్టు నమోదైంది. ఇదే పద్ధతిని వేల్స్‌లో ‘అప్‌స్ట్రీమ్ కమ్రి’, కెనడాలో ‘అప్‌స్ట్రీమ్ కెనడా’ పేర్లతో చేపట్టారు.

పరిమితులు

బడికి అసలు రాని పిల్లలకు ఈ ప్రశ్నావళి చేరదు. ఇంట్లో హింస వల్ల తిరిగి వెళ్లలేని విద్యార్థికి సురక్షితమైన వసతి విడిగా చూపాల్సిందే.